పులుసుకి మార్కులు

రాజమండ్రి దానవాయిపేటలో ఉండే ఉదయభాస్కర్ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, జెనెటిక్ ప్రోగ్రామింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ప్రోగ్రాములు మనం రాయక్కర్లేదు, వాటికవే జతకట్టి పిల్లల్ని కంటాయి, పనికిరానివి పోయి గట్టివి మిగులుతాయని అతని నమ్మకం. గైడు సత్తిరాజు గారికి మాత్రం ఆ నమ్మకం ఫలితాలతో సహా కావాలి.

తల్లి పోయి ఏడాది తిరిగింది. ఆవిడ చేపల పులుసు రుచి ఆవిడతోనే పోయిందని అతని దిగులు. భార్య దుర్గాశ్రీ పులుసు పెట్టినప్పుడల్లా "బాగుంది గానీ..." అని ఆగిపోయేవాడు. తర్వాత ఆమెకు ముద్ద దిగేది కాదు.

ఒకనాడు అతనికి రెండు బాధలకీ ఒకే మందు తట్టింది.

"కంప్యూటరు వారానికి నాలుగు రకాల పులుసులు చెబుతుంది. నువ్వు వండు, నేను మార్కులేస్తాను. మంచి మార్కులొచ్చినవాటికి పెళ్ళి చేసి, వచ్చేవారం పిల్లల్ని పుట్టిస్తుంది. అలా తరాలు గడిస్తే అమ్మ పులుసు దొరుకుతుంది."

"పులుసులకి పెళ్ళేంటండీ?" అంది దుర్గాశ్రీ. ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. అయినా ఒప్పుకుంది.

మొదటి ఆదివారం పులుసుల్లో ఒకదాంట్లో కొబ్బరిపాలూ ఆవపిండీ కలిశాయి. పెరట్లో పోస్తే పిల్లి వాసన చూసి వెళ్ళిపోయింది.

తర్వాత్తర్వాత దశ తిరిగింది. ఉదయభాస్కర్ కళ్ళు మూసుకుని నాలుగు గిన్నెలూ రుచి చూసేవాడు. "రెండోది అద్భుతం. మూడోదాంట్లో మెంతులెక్కువ" అనేవాడు. వారంవారం మార్కులు పెరిగాయి. వానాకాలం వెళ్ళేసరికి పేపరు తయారైంది. విశాఖపట్నం సదస్సుకి పంపడమే తరువాయి.

ఆ సాయంత్రం దుర్గాశ్రీ వచ్చి పక్కన నిలబడింది.

"ఏవండీ, అది పంపకండి."

"ఏం?"

"మొదటివారం తప్ప, నాలుగు గిన్నెల్లోనూ ఒకే కుండలో పులుసు పోశాను. నేనెప్పుడూ పెట్టేదే."

అతను పేపర్లో మార్కుల పట్టిక తీసి చూశాడు. "మరి మూడోదాంట్లో మెంతులు?" అన్నాడు.

"నేను మెంతులే వెయ్యనండి."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

ఆమె గొంతు తగ్గింది. "పోయినవాళ్ళతో పోటీపడి ఎవరు గెలుస్తారండీ? మార్కులు పెరుగుతుంటే ముచ్చటేసింది. తీరా చూస్తే అవి నాకొచ్చినవి కావు, కంప్యూటరుకొచ్చినవి. కానీ అబద్ధం మీ పేరు మీద అచ్చు కాకూడదు."

ఆ మాటకి అతను తలెత్తలేకపోయాడు. తల్లి మీద బెంగతో, ఎదురుగా ఉన్న మనిషి చేతివంటని ఒక్కసారైనా సరిగ్గా తినలేదని తెలిసొచ్చింది.

మర్నాడు సత్తిరాజు గారికి జరిగిందంతా చెప్పేశాడు. ఆయన నవ్వలేదు. "మారింది పులుసు కాదయ్యా, నీ నాలుక. మార్కులేసేవాణ్ణి ఎంతవరకు నమ్మొచ్చో, అది రాయి. ఆ పరీక్ష పెట్టింది మీ ఆవిడ కాబట్టి ఆవిడ పేరు ముందు వెయ్యి" అన్నారు.

ఇంటికొచ్చి ఆ సంగతే చెప్పాడు.

"పేరు సంగతి తర్వాత. ఈ ఆదివారం కంప్యూటరు చెప్పిన పులుసు మీరు వండండి" అంది దుర్గాశ్రీ.

వండాడు. తన ముద్ద తనకే గొంతు దిగలేదు. ఆమె మాత్రం మొహంలో ఏ మార్పూ లేకుండా కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని వచ్చింది.

"పర్లేదండి," అంది, "కొన్ని తరాలు గడిస్తే మీరూ బాగుపడతారు."