అగాథాకి నచ్చిందట

పెద్ద కుక్కను వెంటేసుకుని, ఇల్లంత బండిలో ఊళ్ళు తిరగని దంపతులది అసలు కాపురమే కాదని నా గట్టి నమ్మకం.

చిన్న కుక్కలవాళ్ళు నన్ను క్షమించాలి. చేతిసంచిలో ఒదిగిపోయే కుక్కతో చేసేది ప్రయాణం కాదు, సామాను మోత. నేను చెప్తున్నది దూడంత ఉండే సెయింట్ బెర్నార్డ్ జాతి కుక్క గురించి. అంటే మా అగాథా గురించి. అది వెండెల్ మేనత్త పేరు. పోలికలున్నాయని నేననలేదు. కాకపోతే ఆవిడ కూడా ఒక్క మాట మాట్లాడకుండా ఇంటిల్లిపాదినీ తనచుట్టూ తిప్పుకునేది.

వెండెల్ మా ఆయన. జిల్లా రోడ్ల శాఖలో కుర్చీలో కూర్చుని రోడ్లను పటాల్లో చూసి, రిటైరయ్యాక స్వయంగా చూద్దామన్నాడు. మొదటి ప్రయాణం కారులోనే మొదలుపెట్టాం. నెబ్రాస్కాలో ఒక మోటెల్ ముందు 'కుక్కలకు అనుమతి ఉంది' అని బోర్డు చూసి ఆగాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి అగాథాను చూసింది, బోర్డును చూసింది, మళ్ళీ అగాథాను చూసింది.

"కుక్కలకైతే ఉందండీ," అంది.

ఆ రాత్రి ముగ్గురం కారులో పడుకున్నాం. ఇంటికి రాగానే ఆర్వీ కొన్నాం. వంటగది, పడకగది, స్నానాల గది అన్నీ చక్రాల మీద. అగాథా కోసమే.

ఇక లాభాలు చూడండి.

ఆ బండిలో కార్పెట్ అక్కర్లేదు. అగాథా పడుకుంటే నేల ఎక్కడుందో మీకు కనిపించదు. పొయ్యి దగ్గర ఒక కాలు, సింకు దగ్గర ఒక కాలు పెట్టి, మధ్యలో ఊపిరి పీలుస్తున్న ఒక కొండను దాటుకుంటూ నేను గుడ్లు వేయిస్తాను. ఊళ్ళో ఆడవాళ్ళు ఇదే వ్యాయామం కోసం వారానికి మూడుసార్లు చర్చి హాలుకు వెళ్తున్నారు.

డ్రైవరు పక్క సీటు అగాథాది. అందులో కూర్చోవడానికి ఆమె పట్టదు. అందుకని రెండు సీట్ల మధ్య నిలబడి, నా సీటులో తల మాత్రం పెట్టుకుంటుంది. నేను వెనక భోజనాల బల్ల దగ్గర కూర్చుంటాను. ఆ బెంచీ వెనక్కి తిరిగి ఉంటుంది. దేశమంతా నేను తిరిగాను, సందేహం లేదు. కాకపోతే అన్నీ దాటిపోయాకే చూశాను. వచ్చే ఊరి గురించి బెంగపెట్టుకోకుండా పోయిన ఊరిని తీరిగ్గా తలుచుకునే ఈ భాగ్యం ముందు సీటు భార్యలకు ఎక్కడిది?

బండి ఎక్కించడం కూడా ఒక వేడుకే. అగాథా తనంతట తాను ఎక్కదు. వెండెల్ లోపల నిలబడి బేకన్ మాంసం ముక్క ఊపుతాడు. నేను వెనక నుంచి భుజం ఆనించి నెడతాను. పెద్ద శరీరం కదా, మెట్లంటే బిడియం కాబోలని అనుకునేవాళ్ళం. వెళ్ళిన ప్రతిచోటా జనం ఫోటోలు తీసుకున్నారు. వాటిలో నా మొహం ఒక్కదాంట్లోనూ లేదు.

మొహం అనుకున్నాను గానీ, పేరు మాత్రం ఉందా? ఇలాంటి బండ్లు ఆపుకునే క్యాంపు మైదానాల్లో అందరికీ అందరి కుక్కల పేర్లూ తెలుసు. మనుషుల పేర్లు అడగడం అక్కడ మర్యాద కాదు. వయోమింగ్‌లో ఒకావిడ తన విడాకుల సంగతి మొదటి నుంచి చివరిదాకా నాకు చెప్పుకుని ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని లేచి, "మీతో మాట్లాడాక మనసు తేలికపడింది, అగాథా వాళ్ళమ్మా," అంది. క్రిస్మస్‌కు కార్డు కూడా పంపింది. అగాథాకి.

అన్నిటికంటే గొప్ప లాభం బండిని వెనక్కి నడిపి మన జాగాలో పెట్టేటప్పుడు తెలుస్తుంది. ఆ ఘడియ కోసం మైదానమంతా మడత కుర్చీలు తెచ్చుకుని కూర్చుంటుంది. భర్త లోపల, భార్య వెనక నిలబడి చేతులతో సైగలు. సగం కాపురాలు అక్కడే బీటలు వారతాయి. మా వెండెల్‌కు అద్దంలో నేను కనబడను, అగాథా చెవి కనిపిస్తుంది. జాగా పక్కనుండే కుళాయి స్తంభాన్ని గుద్దుతాడు. దిగి వస్తాడు. ఇద్దరం స్తంభం వంక చూస్తాం.

"అగాథా కదిలింది," అంటాడు.

"అవును, కదిలింది," అంటాను నేను.

అయిపోయింది. గొడవ లేదు. చుట్టూ కూర్చున్నవాళ్ళు నిరాశగా కుర్చీలు మడుచుకుని వెళ్ళిపోతారు. చెప్పండి, ఏ పెళ్ళి సలహాదారు ఇంత శాంతి ఇవ్వగలడు?

ఈ శాంతి మర్మం మీకు విడమరచి చెప్పాలి. మా ఇంట్లో కొన్నాళ్ళుగా ఎవరూ ఎవరితోనూ ఏమీ అనడం లేదు. అంతా అగాథాయే అంటోంది. వెండెల్‌కు కాఫీ కావలసి వస్తే, గొంతు కాస్త బొంగురు చేసి, "అగాథాకి కాఫీ వాసన తగిలితే బాగుండుననిపిస్తోందట," అంటాడు. "గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయేమని అగాథా అడుగుతోంది," అంటాను నేను. ఆమె అటు నిద్రపోతూ ఉంటుంది. మాకు తెలిసిన కుక్కల ఇళ్ళన్నిటిలోనూ ఇదే భాష. మా పక్కింటి ఆర్డిస్ అయితే తన తోడికోడలిని పొట్టి కుక్క నోటితో తిట్టిపోసి, "అయ్యో, అది చిన్నపిల్ల, దానికేం తెలుసు," అంటుంది.

ఇలాగే ప్రతి వేసవి ముందు వెండెల్, "అగాథాకి బండి మీద మనసయింది," అనేవాడు. "అగాథా సంతోషం కంటే ఏం కావాలి?" అని నేను దుప్పట్లు సర్దేదాన్ని.

ఒకే ఒక్క లోటు. దాన్ని కూడా లాభంగానే నిరూపించగలనని ఈ వ్యాసం మొదలుపెట్టేటప్పుడు అనుకున్నాను.

మోంటానాలో మేము ఏటా వెళ్ళే జాతీయ పార్కులో కొండ మీద ఒక సరస్సు ఉంది. దానికి కాలిబాట తప్ప దారి లేదు. ఆ బాట మీద కుక్కలకు ప్రవేశం లేదు. ఎలుగుబంట్లున్నాయి కాబట్టి అది న్యాయమే. అందుకని ఒకరు పైకి నడిస్తే ఒకరు కింద అగాథాతో ఉంటాం. మొదటిసారి వెండెల్ వెళ్ళి వచ్చాడు.

"ఎలా ఉంది?"

"నీళ్ళున్నాయి," అన్నాడు.

మర్నాడు నేను వెళ్ళాను. ఆకుపచ్చా నీలమూ కాని రంగులో, అవతలి ఒడ్డున మంచు కరుగుతూ, ఒక్క అల లేకుండా పరుచుకుని ఉంది. నా నోట్లోంచి "చూశావా" అన్న మాట దానంతట అదే వచ్చింది. పక్కన ఎవరూ లేరు. ఒక ఉడుత మాత్రం నా రొట్టె వంక చూస్తోంది. కిందికి దిగి వచ్చాను.

"ఎలా ఉంది?" అన్నాడు వెండెల్.

"అవును, నీళ్ళున్నాయి," అన్నాను.

ఆ తర్వాత వెళ్ళిన ప్రతిసారీ అంతే. ఆ సరస్సు దగ్గర ఒక్కసారి ఆ మాటను గాలికి కాకుండా మనిషికి చెప్పాలని నాకొక కోరిక పుట్టింది. పెద్దదేమీ కాదు. కానీ వెండెల్ మోకాళ్ళు ఏటికేడు మొరాయిస్తున్నాయి. వచ్చే ఏడు అతను ఆ కొండ ఎక్కలేడని ఇద్దరికీ తెలుసు. అగాథా నోటితో కూడా ఎవరమూ ఆ మాట అనలేదు.

ఈ వేసవిలో అక్కడి క్యాంపు మైదానం చూసుకునే లవాన్ మా వంతుల సంగతి కనిపెట్టింది. ముక్కుసూటి మనిషి. కట్టెల మోపు మా గుమ్మంలో పడేసి, "ఈసారి ముందు ఎవరు పోతున్నారు?" అంది.

"వంతు నాది," అన్నాను.

"వంతేమిటి, కట్టెలు కొట్టడమా? ఇద్దరూ పొండి. మా చెల్లెలి కూతురు ట్రూడీ గేటు దగ్గర కుక్కల్ని పగటిపూట చూసుకుంటుంది. దీన్ని అక్కడ దింపండి."

"అగాథా ఉండదమ్మా," అన్నాడు వెండెల్. "మేం లేకపోతే బెంగపెట్టుకుంటుంది."

"అలా అని చెప్పిందా?"

వెండెల్ నా వంక చూశాడు. నేను కట్టెల వంక చూశాను.

మర్నాడు పొద్దున్నే ట్రూడీకి అగాథాను అప్పగించి ఇద్దరం కొండ ఎక్కడం మొదలుపెట్టాం. పాఠకులారా, కుక్క లేని భర్త ఎంత ప్రమాదకరమైనవాడో అప్పుడు తెలిసింది. ఏం మాట్లాడాలి? 'అగాథాకి దాహం వేస్తోందట' అనడానికి లేదు. 'అగాథా కాసేపు ఆగుదామంటోంది' అనడానికి లేదు. ఒక పెద్ద మలుపు దగ్గర అతను రాయి మీద కూలబడి, బూటులో లేని గులకరాయి కోసం చాలాసేపు వెతికాడు. నేను కూడా ఎదురుగా కూర్చుని నా బూటు విప్పాను. లేని రాళ్ళు ఇద్దరికీ దొరకలేదు.

ఎలాగో పైకి చేరాం. సరస్సు అక్కడే ఉంది. నేను నోరు తెరిచేలోపే వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"అగాథా ఉంటే..." అన్నాడు ఆ బొంగురు గొంతుతో.

"ఉంటే?"

"ఈ బండి తోలడం ఇక తన వల్ల కాదనేది."

"అగాథా బండి తోలదు, వెండెల్."

టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "నా వల్ల కాదు, మార్లిస్," అన్నాడు. "మొదటినుంచీ కాలేదు. చెట్టూ చేమా లేని రోడ్ల మీద గాలి కొడితే బండి పక్క వరసలోకి పోతుంది. చేతులకు చెమటలు పడతాయి. రేపు బయల్దేరాలంటే ఇవాళ నాకు నిద్ర పట్టదు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు తోలావు?"

"నీకిష్టమని."

"నాకా? దేశమంతా వెనక్కి చూస్తూ తిరగడం నాకిష్టమా?"

"దుప్పట్లు సర్దేసేదానివి కదా."

"నువ్వు అగాథాకి ఇష్టమన్నావు!"

"నేనెక్కడన్నాను? నువ్వే అన్నావు, దాని సంతోషం కంటే ఏం కావాలని."

"నువ్వన్నాక అన్నాను."

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత మా మధ్య అసలు సిసలైన పోట్లాట ఒకటి తల ఎత్తబోతోంది. నాకు నవ్వొచ్చింది. అతనికి ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. వెనకాల వస్తున్న ఒక జంట మమ్మల్ని చూసి దూరంగా వేరే రాయి వెతుక్కున్నారు.

నవ్వు ఆగాక నేను నీళ్ళవైపు చెయ్యి చూపించి, "చూశావా," అన్నాను.

"చూశాను," అన్నాడు. "పోయినసార్లు ఇలా లేదు."

దిగడానికి ఎక్కినదానికి రెట్టింపు సేపు పట్టింది. పెద్దలందరూ మోకాళ్ళ గురించి మాట్లాడుకునే మాటలన్నీ మాట్లాడుకున్నాం. ఆ మాటలు అంత రసవత్తరంగా ఉంటాయని నాకు తెలియదు.

ట్రూడీ దగ్గర అగాథా చల్లటి సిమెంటు గచ్చు మీద నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులా చాపుకుని పడుకుని ఉంది. మమ్మల్ని చూసి తోక రెండుసార్లు నేలకు కొట్టింది. లేవలేదు.

"బెంగపెట్టుకుందా?" అన్నాడు వెండెల్ ఆశగా.

"లేదండీ, బంగారుతల్లి," అంది ట్రూడీ. "మధ్యాహ్నం కుక్కల తిండి తేవడానికి పోతుంటే నా ట్రక్కులోకి ఎగిరి కూర్చుంది. ఎంత చలాకీ పిల్లో."

"ఎగిరిందా?" అన్నాను నేను. నా కుడిభుజంలో ఉన్నట్టుండి నొప్పి పుట్టింది.

మా బండి తలుపు తీశాం. ఎగరగలిగిన అగాథా దాన్ని చూసి, ఆలోచించి, అక్కడే కంకర మీద బోర్లా పడుకుంది. గడ్డం కూడా నేలకు ఆనించింది. వెండెల్ బేకన్ ఊపాడు. ఆమె మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది.

"అగాథా ఏమంటోంది?" అని అడిగాను.

వెండెల్ బేకన్ ముక్కను తనే తినేశాడు.

"మొదటిరోజు నుంచీ అంటున్నదే అంటోంది," అన్నాడు.

కాబట్టి పాఠకులారా, నా మాట మీద నేను నిలబడుతున్నాను. ముగ్గురిలో ఒక్కరికీ ఇష్టం లేని పనిని, మిగతా ఇద్దరి సంతోషం కోసం ఇన్ని వేసవులు ముగ్గురూ నోరెత్తకుండా చేశారంటే, ఇంతకంటే అన్యోన్యమైన కుటుంబం ఉంటుందా? ఈ మహాభాగ్యాన్ని మేమొక్కరమే అనుభవించడం స్వార్థమనిపించింది. వచ్చే వేసవికి మామూలు కారు చాలు. నేను ముందు సీటులో కూర్చుంటాను. అగాథా వెనక సీటులో వచ్చి, పగలంతా ట్రూడీ దగ్గర గచ్చు మీద ఉంటుంది.

బండి మా గ్యారేజీ పక్కనే ఉంది. కిటికీ తెరలు కొత్తవి. వెనక ఎడమవైపు చిన్న సొట్ట ఉంది, స్తంభానిదే తప్పు. పెద్ద కుక్కలున్న దంపతులు ఎవరైనా సరే, ఆదివారం చర్చి అయ్యాక వచ్చి తీరిగ్గా చూసుకుని బేరమాడుకోవచ్చు. కాఫీ పెడతాను.

కుక్కను మాత్రం వెంట తీసుకురావద్దు.