రాక్షసులకు నాలుగు అట్టలు కావాలి

రాక్షసులందరినీ ఒకే పుస్తకంలో కుక్కడం మహాపచారమని నా నిశ్చితాభిప్రాయం. కనీసం నాలుగు పుస్తకాలుండాలి. ఐదైతే మరీ మంచిది!

నవ్వకండి. దీనిమీద ప్రపంచంలో పెద్ద యుద్ధమే జరుగుతోంది. మీకు తెలియకపోతే అది మీ తప్పు కాదు, పేపర్లవాళ్ళ తప్పు. బియ్యం ధర గురించి రోజూ రాస్తారు గాని, భూతాల పుస్తకాన్ని ముక్కలు చేయవచ్చునా, కూడదా అని ఒక్కరైనా సంపాదకీయం రాశారా?

ముందు సంగతేమిటో చెబుతాను. ఒక ఆట ఉంది. దానికి బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. ఒకడు కత్తివీరుడు, ఒకడు మంత్రగాడు, ఒకడు దొంగ. గుహలోకి వెళ్తారు. రాక్షసుడు ఎదురొస్తాడు. ఇరవై ముఖాల పాచిక వేస్తారు. బతికారో చచ్చారో ఆ పాచిక చెబుతుంది. ఆ రాక్షసుడి బలం ఎంత, వాడు దేనికి భయపడతాడు, ఎలా చస్తాడు అన్నవన్నీ కంపెనీవారు అచ్చువేసిన పుస్తకంలో ఉంటాయి. ఆ పుస్తకం లేకపోతే ఆటకి కాలూ చెయ్యీ ఆడదు.

నేను ఏలూరులో ఒక హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. వయసు యాభై దాటింది. ఈ ఆటలో మంత్రగాణ్ణి. పదో తరగతి పిల్లలకి ఈ సంగతి తెలియకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఇప్పుడు పేపర్లోనే రాసుకున్నాను కాబట్టి రేపు ప్రేయర్‌లో ఏమవుతుందో చూడాలి.

పూర్వం ఈ రాక్షసుల పుస్తకం ఒక్కటే ఉండేది, పీటంత మందం. కొత్త ఎడిషన్‌లో కంపెనీవారు దాన్ని నాలుగు భాగాలు చేసి, ఏడాదికొకటి చొప్పున వదులుతామన్నారు. అంతే, ఇంటర్నెట్లో అభిమానులు గొల్లుమన్నారు. రాక్షసుడు మొదటి భాగంలో ఉన్నాడట, వాడి పెళ్ళాం మూడో భాగంలో ఉందట! నిక్షేపంలాంటి కాపురాన్ని రెండేళ్ళు విడదీస్తారా అని ఒకాయన కెనడా నుంచి కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

పవర్‌పేటలో నెట్ సెంటర్ నడిపే రఫీ నా పాత శిష్యుడు. మా జట్టులో దొంగ వేషం అతనిదే. ఆ గొడవంతా ప్రింటు తీసి నాకిచ్చేవాడు. నేను ఎర్ర సిరాతో వాళ్ళ ఇంగ్లీషు దిద్ది, నా అభిప్రాయం కాగితం మీద రాసిస్తే టైపు చేసి పంపేవాడు. భాగాలే మేలని రాశాను. “నీకు కంపెనీ ఎంత ముట్టజెప్పింది?” అని జవాబొచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను లంచం తీసుకోగల మనిషినని అనుమానించిన మొదటి వ్యక్తి ఆయన. రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను!

నా వాదనలో బలం ఉంది. మా పిల్లలు ఆల్ ఇన్ వన్ గైడు కొంటారు. సబ్జెక్టులన్నీ ఒకే అట్టలో! కొన్నాక దాన్ని తెరిచినవాణ్ణి నేను చూడలేదు. దిండు కింద పెట్టుకుంటారు. కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెడతారు. అన్నీ ఉన్న పుస్తకాన్ని ఎవరు చదువుతారండీ? ఏదో ఒకటి లేని పుస్తకాన్నే మనిషి ఆత్రంగా తిప్పుతాడు.

ఇంత చెప్పినా ఒప్పుకోనివాడు మా కత్తివీరుడు మత్తయి. ఆకివీడులో చేపల ప్యాకింగ్ దగ్గర సూపర్‌వైజరు. రోజంతా ఐసు, పెట్టెలు, లారీలు.

“మాస్టారూ, అరవై ఆరు పుస్తకాలు మన పెద్దలు ఒక్క అట్టలో ఇమిడ్చి బైబిలని చేతికిచ్చారు కదండీ. దెయ్యాలకి నాలుగు అట్టలేంటండీ? వాటికంత మర్యాద దేనికండీ?”

“ఆ ఒక్క అట్ట ఇంటింటికీ ఉంది కదా, మత్తయిగారూ. అందుకే ఇంట్లోనే చదువుకుంటున్నామని చెప్పి సగంమంది గుడికి రావడం మానేశారు.”

“నన్నే అంటున్నారని నాకు తెలుసులెండి. పోయిన ఆదివారం లోడింగ్ ఉందండీ బాబూ!”

అతను అలా ఉడుక్కున్నాడు గాని, అసలు కిటుకు అదే. పుస్తకాన్ని కంపెనీ భాగాలు చేసింది, మేము ఆ భాగాలను పంచుకున్నాం. మొదటి భాగం నా బావమరిది నెల్సన్ దగ్గర. అతను తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో గుమాస్తా, మా జట్టుకి వైద్యుడు. రెండోది మత్తయి దగ్గర. మూడోది మా ఇంట్లో. రాబోయే నాలుగోది రఫీకి. ఆదివారం గుడి అయ్యాక నెల్సన్ పాసింజరు ఎక్కి, మత్తయి కైకలూరు మీదుగా బస్సులో, ఎవరి రాక్షసుల్ని వారు చంకన పెట్టుకుని మా ఇంటికి రావాలి. రాకపోతే ఆట లేదు! మొదటి భాగం తెరిస్తే ఉల్లిపాయ వాసన, రెండోది తెరిస్తే చేపల వాసన. కళ్ళు మూసుకుని ఏ భాగమో చెప్పేవాళ్ళం. కెనడా ఆయనకి ఈ సుఖం తెలుసా?

కథ చెప్పేది నా భార్య విక్టోరియా. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. మా స్కూలు పిల్లల పరీక్ష అట్టలు రెండు తెచ్చి, క్లిప్పులు పెట్టి తడికలా నిలబెట్టి, వాటి వెనక పాచికలు దాచుకుని కూర్చునేది. మామూలుగా కథ చెప్పేవారు దెబ్బ తగిలిందని ఊరుకుంటారు. ఆవిడ ఎముక విరిగిందో, బెణికిందో చెప్పేది. కత్తి తుప్పు పట్టి ఉంటే నరికించుకున్న రాక్షసుడికి కూడా టెటనస్ ఇంజెక్షన్ చేయించేది.

“ఏవండీ మంత్రగారూ, నీళ్ళలోకి దిగుతున్నారా, గట్టుమీదే నిలబడి పాఠం చెబుతారా?” అనేది. నేను ఎప్పుడూ గట్టుమీదే ఉండేవాణ్ణి.

ఓ వారం మత్తయి రాలేకపోతే, “ఈవేళ రెండో భాగం రాక్షసులు సెలవండీ. ఆకివీడులో లోడింగ్‌కి వెళ్ళారు” అని మిగతావాళ్ళతో కథ నడిపేది.

కిందటి ఏడాది వానాకాలంలో విజయవాడ నుంచి ఆవిడ స్కానింగ్ రిపోర్టులు వచ్చాయి. ఆ తర్వాతి ఆదివారమే కథలోకి సరస్సులోది వచ్చింది. రెంటికీ సంబంధం ఉండవచ్చునని నాకు తట్టలేదు. పిల్లలకి కార్యకారణ సంబంధం అనే పాఠం చెప్పేది నేనేనని మనవి.

సరస్సులోది భయంకరమైనది. కిక్కిస గడ్డి దుబ్బుల్లో పడుకుంటుంది. దాని గొంతుకింద గూడబాతుకున్నట్టు పెద్ద సంచి. చీకటి పడే వేళకి చేపల చెరువుల్లోకి వచ్చి, మేత కోసం కర్రలకి కట్టిన తవుడు బస్తాలు ఖాళీ చేస్తుంది. ఖాళీ బస్తాని మాత్రం శుభ్రంగా మడతపెట్టి గట్టుమీద పెట్టి పోతుంది! దాన్ని చంపితేగాని మా జట్టుకి ఊరు వెళ్ళే దారి లేదు. ఎలా చంపాలి?

“అది నాలుగో భాగంలో ఉందండీ. రానివ్వండి, చూద్దాం” అనేది విక్టోరియా.

“పేరైనా చెప్పక్కా,” అని నెల్సన్ గోల.

“పేరూ నాలుగో భాగంలోనేరా!”

నాలుగో భాగం రాలేదు. ఈ ఏడాది ఆగస్టులో విక్టోరియా పోయింది.

జ్ఞాపకార్థ కూడిక అయ్యాక కూడా కొన్ని ఆదివారాలు ముగ్గురూ వచ్చారు. భాగాలు తెచ్చారు. బల్లమీద పెట్టారు. టీ తాగారు. పరీక్ష అట్టల వైపు ఎవరూ చూడలేదు. ఎవరి భాగం వారు తీసుకుని వెళ్ళారు. తర్వాత మత్తయికి లోడింగులు ఎక్కువయ్యాయి. నెల్సన్ పాసింజర్లు ఆలస్యం కాసాగాయి. నేనూ ఎవరినీ పిలవలేదు. రాక్షసుల పేరు చెప్పి రమ్మనడం వేరు, ఊరికే రమ్మనడం వేరు కదండీ?

అయినా నాకు ధైర్యం ఉండేది. నాలుగో భాగం రాకుండా పోతుందా? అది వస్తే వీళ్ళు రాక తప్పుతుందా?

మొన్న రఫీ ఫోను చేశాడు. గొంతులో పండగ.

“సార్, శుభవార్తండీ! నాలుగో భాగం విడిగా రావట్లేదంట. అభిమానుల గోలకి కంపెనీ దిగొచ్చి, మొత్తం నాలుగూ కలిపి ఒకే పుస్తకం వేసేసిందండీ. కువైట్ నుంచి మా అన్నయ్య తెచ్చాడు. ఇంక ముక్కలు మోసుకు తిరగక్కర్లేదండీ!”

నెట్ సెంటర్‌కి వెళ్ళి చూశాను. ఇటుకల్లే ఉంది. అట్టమీద బంగారు అక్షరాలతో ‘సంపూర్ణం’ అని ఇంగ్లీషులో. రాక్షసుడూ పెళ్ళామూ ఒకే ఇంట్లో! ఒక్కడు కొంటే చాలు, ఇక ఎవరూ ఎవరింటికీ పోనక్కర్లేదు. ఇది ఎంత అనర్థం! అక్కడే కుర్చీ లాక్కుని కెనడా ఆయనకీ, కంపెనీకీ, ప్రపంచానికీ కలిపి ఘాటుగా రెండు పేజీలు రాసిచ్చాను. పుస్తకం ఒక్కటైతే మనుషులు నాలుగవుతారనీ, బస్సెక్కి రావడానికి మనిషికి ఏదో ఒక సాకు ఉండాలనీ, ఆ సాకును కాస్తా బైండు చేసి పారేశారనీ రాశాను.

రఫీ టైపు చేస్తూ చేస్తూ రెండో పేజీలో ఆగిపోయాడు.

“సార్, ఇది కంపెనీకి రాశారాండీ, మాకు రాశారాండీ?”

“కంపెనీకే” అన్నాను. “నువ్వు టైపు చెయ్యి.”

అతను టైపు చేయలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం గుడి నుంచి వచ్చేసరికి మా అరుగుమీద ఉల్లిపాయ వాసన, చేపల వాసన కలిసి ఉన్నాయి. నెల్సన్ మొదటి భాగంతో, మత్తయి రెండో భాగంతో కూర్చుని ఉన్నారు. రఫీ చేతిలో సన్నటి పుస్తకం, కొత్త కాలికో బైండు.

“బైండింగ్ షంషుద్దీన్ గారి చేత నాలుగో భాగం మటుకు విడిగా కోయించానండీ. ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారండీ.”

“కొత్త పుస్తకం కోయించేశావా! మరి మిగతాది?”

“మానిటర్ కింద ఎత్తు పెట్టానండీ. మెడనొప్పి తగ్గింది.”

సభ్య పాఠకులు గమనించాలి. సంపూర్ణ గ్రంథానికి దక్కిన సద్వినియోగం అది!

పరీక్ష అట్టలు నేనే నిలబెట్టాను. వాటి వెనక ఎవరూ కూర్చోలేదు. సరస్సులోది ఎలా చస్తుందో ముందు చూద్దామని రఫీ నాలుగో భాగం తెరిచాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. నెల్సన్ లాక్కుని తిప్పాడు. నీళ్ళలో ఉండేవి చాలా ఉన్నాయి. గొంతుకింద సంచి ఉన్నది లేదు. బస్తా మడతపెట్టేది అసలే లేదు.

“ఉండండుండండి,” అన్నాడు మత్తయి. “ఫారిన్ పుస్తకంలోకి కిక్కిస ఎలా వస్తుందండీ? తవుడు బస్తాలు కట్టేది మన చెరువుల్లో కదండీ!”

ఏడాదికి పైగా మేం నలుగురం దీన్ని నమ్మాం. మత్తయి పుట్టిందే కొల్లేరు లంకలో. ఇంకొకడు అదే సరస్సును మ్యాపులో గుర్తించమని ఏటా మార్కులు వేసే సాంఘికశాస్త్రం మాస్టారు. ఆ మాస్టారింట్లో ఏ సంచి వచ్చినా మడతపెట్టకుండా పక్కన పెట్టని మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడే కథ చెప్పింది. అయినా మేం కంపెనీ అచ్చు వేస్తుందని కూర్చున్నాం!

“అక్క ఎంత పని చేసింది, బావగారూ!” అని నెల్సన్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు చివరికి నవ్వులా లేదు. మత్తయి అతని వీపుమీద చెయ్యి వేశాడు.

“మరి అదెలా చస్తుందండీ ఇప్పుడు?” అన్నాడు రఫీ.

ఎవరికీ తెలియదు. చెప్పగల ఒక్క మనిషీ చెప్పకుండా వెళ్ళింది.

“అయితే ఈవేళ తేలదులెండి,” అని మత్తయి తన భాగం సర్దుకున్నాడు. “వచ్చే ఆదివారం చూద్దాం. మాస్టారూ, ఈసారైనా మీరు నీళ్ళలోకి దిగాలండీ.”

దిగుతానన్నాను.

సోమవారం స్కూలు వదిలాక నెట్ సెంటర్‌కి వెళ్ళి, మానిటర్ పైకెత్తించి, మిగతా మూడు భాగాలూ పేజీ పేజీ చూశాను. వాటిలోనూ లేదు. అందుచేత కంపెనీవారికి ఈ పత్రికాముఖంగా రాస్తున్నాను. అయ్యా, మీరు నాలుగు భాగాలు చేసినా నాకు అభ్యంతరం లేదు, నలభై చేసినా లేదు, కలిపి కుట్టినా ఇప్పుడు లేదు. మాటలు చూసి వాడమని పిల్లలకి చెప్పుకుని బతికేవాణ్ణి కనక ఒక్కటే అడుగుతున్నాను. అట్టమీద నుంచి ‘సంపూర్ణం’ అన్న మాట తీసేయండి.