కొమ్ముల ఫార్మసిస్టు

"ప్రతి గూడేనికీ ఒక గిరిజన ఫార్మసిస్టు" అని మంత్రి అచ్యుతరావుగారు ఏలూరులో ప్రకటించగానే చప్పట్లు భీమడోలు దాకా వినబడ్డాయని పార్టీ కార్యకర్త హనుమంతరావు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. మొదట కొట్టింది తనే కాబట్టి తనకు తెలుస్తుంది.

పథకానికి పేరుంది, ఫ్లెక్సీ ఉంది, ప్రారంభోత్సవముంది. లేనిదల్లా గిరిజన విద్యార్థి. హనుమంతరావు చెమటోడ్చి తాడేపల్లిగూడెం ఫార్మసీ కాలేజీలో ఒకమ్మాయిని పట్టాడు. బుట్టాయగూడెం వైపు కోయపిల్ల, సోడెం రూబీ. ఫీజు కట్టలేదని ఆమె హాల్ టికెట్ ఆపేశారు. స్కాలర్‌షిప్ వస్తేనే పరీక్ష.

ప్రారంభోత్సవ సభకి రూబీ ఇస్త్రీ చేసిన తెల్ల ల్యాబ్ కోటులో వచ్చింది. హనుమంతరావు ఎదురెళ్లి ఆపాడు.

"ఇదేంటమ్మా, నర్సులా వచ్చావు? గిరిజనుల పిల్లలా కనబడాలి కదా."

"గిరిజనుల పిల్లనేనండి."

"నాకు తెలుసు తల్లీ. ఫొటోకి తెలియొద్దూ?"

మండవల్లిలో కొన్న గేదె కొమ్ములు, కొల్లేరు గట్టున ఏరిన గూడబాతు ఈకలు కలిపి కిరీటం కట్టించి ఉంచాడు.

"మాలో కొమ్ములు మగాళ్లు పెట్టుకుంటారండి. అదీ అడవిదున్న కొమ్ములు, పెళ్లిళ్లలో."

"మంత్రిగారు మీ పెళ్లిళ్లకి రాలేదులే."

రూబీ హాల్ టికెట్ తలుచుకుంది, కొమ్ములు పెట్టుకుంది. డప్పు మోగింది, రూబీ ఆడింది. మంత్రిగారు పరవశించి తనూ చిందేశారు. ఒక కొమ్ము ఆయన కండువాని ఎగరేసుకుపోయినా చిరునవ్వు చెదరలేదు. మహానుభావుడు. అక్కడికక్కడే స్కాలర్‌షిప్ మంజూరు. కాలేజీ ఛైర్మన్ వెంకట్రాజు హాల్ టికెట్ తన చేత్తో ఇచ్చాడు.

"ఈ పిల్ల నా ప్రతి మీటింగులోనూ ఉండాలయ్యా," అన్నారు మంత్రిగారు.

ఉంది. ఉంగుటూరు బస్టాండుకి శంకుస్థాపనలో ఆడింది. కొల్లేరులో పడవ మీద ఆడితే పడవ ఊగి ఫొటోగ్రాఫర్ నీళ్లలో పడ్డాడు, ఆ కొమ్ములే పట్టుకుని పైకొచ్చాడు. పథకం ఒక ప్రాణం కాపాడిందని పేపర్లో వేయించాడు హనుమంతరావు.

"రేపు పరీక్షండి. ఇక రాలేను."

"రాకపోతే మంజూరైంది రద్దయిపోదూ? బెంగపడకు. రేపు నిన్ను నేనే కాలేజీలో దింపుతాను."

మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే రూబీని కొమ్ములతో సహా జీపులో కాలేజీ గేటు దగ్గర దింపాడు. పథకం ఎలా నడుస్తోందో చూడడానికి మంత్రిగారు పరీక్ష హాలుకి వస్తున్నారు మరి.

"ఆయన రాగానే ఒక్కసారి ఆడేసి లోపలికి పోదువుగాని."

"అరగంట దాటితే రానివ్వరండి."

"ఆయన బయల్దేరిపోయారమ్మా."

గంట కొట్టారు. లోపల పేపర్లు పంచారు. రూబీ నడుముకి దోపుకున్న హాల్ టికెట్ చెమటకి తడిసిపోయింది. గేటు మూసేశాక, ఎంతోసేపటికి, కార్లొచ్చాయి. మంత్రిగారి కోసం గేటు తెరిచారు, డప్పు మోగింది. రూబీ ఆడింది. ఆయన చెయ్యి ఊపి లోపలికెళ్లారు, వెనకే హనుమంతరావూ వెళ్లాడు. గేటు మళ్లీ మూసేశారు.

హాల్లో ముందు వరసలో ఒక బల్ల ఖాళీగా ఉంది.

"ఈ సీటెవరిది?"

"మన స్కాలర్‌షిప్ అమ్మాయిదండి," అన్నాడు వెంకట్రాజు. "రాలేదండి."

మంత్రిగారు ఆ బల్లకేసి చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎంత చేసినా వీళ్లు చదువుకోరయ్యా."

హనుమంతరావు కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, డప్పు ఇంకాస్త గట్టిగా కొట్టమని సైగ చేశాడు.