తాబేలు హక్కుదారు

ఆ శుక్రవారం పొద్దున్న యానిమేటరుకు ఉన్న పనులు రెండే. మేనత్త చేత ఒక సంతకం, కింది వాటాలో దుకాణం పెట్టుకున్న టైలరు చేత ఒక సంతకం పెట్టించుకోవాలి. ఆపైన సాయంత్రం ఐదింటిలోగా తన ఏడు నిమిషాల సినిమాను పోటీకి పంపాలి. రెండేళ్లపాటు భోజనాల బల్లను ఆక్రమించి, మట్టి తాబేలును వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ, జరిపినప్పుడల్లా ఒక ఫొటో తీస్తూ చేసిన సినిమా అది. ముసలి తాబేలుకు గొంతు ఇచ్చింది అత్త. దాని గళ్ల కోటు కుట్టింది టైలరు. అడగ్గానే చేసిపెట్టినవాళ్లు అడగ్గానే సంతకమూ పెడతారని అతను అనుకున్నాడు.

కాగితాల ఆలోచన వారం కిందటిది. కళాకారులకు ఉచిత న్యాయ సలహా సభ ఒకటి జరిగితే వెళ్లాడు. "మీ సినిమాలో ఎవరి గొంతున్నా, ఎవరి చేతిపని ఉన్నా, వాళ్లు ఒప్పుకున్నట్టు కాగితం ఉండాలి. నోటిమాట నీటిమూట" అని లాయరమ్మ చెప్పింది. ఒప్పంద పత్రం నమూనా కూడా పంచింది గానీ, అక్కడ వరస పొడుగ్గా ఉంది. అతను ఇంటికొచ్చి, నాలుగు చోట్ల నాలుగు ముక్కలు ఏరి సొంతంగా ఒక పత్రం అల్లుకున్నాడు.

అత్త అచ్చాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. మందు సీసా మీది చీటీని కూడా ఎర్ర పెన్ను పట్టుకునే చదువుతుంది. కాగితం అందుకోగానే మొదటి వాక్యంలో రెండు మాటల మధ్య హంసపాదు వేసింది. ఆదిలోనే హంసపాదు అన్న మాట అతను చిన్నప్పటినుంచీ వింటున్నాడు. కళ్లతో చూడటం అదే మొదలు.

"ఇక్కడ 'నా' పడలేదురా. సరే. 'నా గొంతుపై సర్వహక్కులను విశ్వమంతటా శాశ్వతంగా ధారాదత్తం చేయుచున్నాను.' విశ్వమంతటా ఎందుకు?"

"అందరూ అలాగే రాస్తారత్తా."

"చంద్రమండలంలో నా గొంతు ఎవరు వింటారు? గొంతు మీద సర్వహక్కులూ నీకిచ్చేస్తే రేపు పక్కింటావిణ్ణి పిలవాలన్నా నిన్నడగాలా?"

"ఈ సినిమా వరకేనత్తా."

"అలాగని రాయి మరి. మొత్తం పదిహేడు తప్పులున్నాయి. తప్పుల కాగితం మీద నేను సంతకం పెట్టను. దిద్దుకురా."

అతను మెట్లు దిగి టైలరు దగ్గరకు వెళ్లాడు. అక్కడ ఇచ్చింది కూడా అదే పత్రం, గొంతు అన్నచోట కోటు అని మార్చాడంతే. మెడలో టేపు వేసుకున్న టైలరు రెండు వాక్యాలు చదివి మిషను ఆపేశాడు.

"కోటుపై సర్వహక్కులా? అంటే ఇకమీదట నేను కోట్లు కుట్టకూడదా?"

"ఆ ఒక్క కోటు గురించేనండీ."

"ఒక్క కోటని ఇందులో లేదు బాబూ."

నిజంగానే లేదు. ఇరవై ఏళ్లుగా కోట్ల మీదే బతుకుతున్న మనిషి అదిరిపోయి, దుకాణం షట్టరు దించి, కాగితం చదివించుకోవడానికి తిన్నగా అత్త దగ్గరకే వెళ్లాడు. ఆవిడ టీ ఇచ్చి, అంతా విడమరిచి చెప్పి, భయమేమీ లేదంది. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇంతకీ సినిమా చివర మీ పేరు ఎలా వేశాడు?" అని అడిగింది.

'కోటు: కింది వాటా వారు' అని వేసినట్టు, వెనకాలే వచ్చిన యానిమేటరు ఒప్పుకున్నాడు.

"కింది వాటా వారంటే ఎవరండీ? రేపు నేను ఖాళీ చేస్తే ఆ పేరు తర్వాత వచ్చేవాళ్లకి పోతుందా?" అన్నాడు టైలరు నొచ్చుకుంటూ.

"నాది మరీనూ," అంది అత్త. "'గొంతు: మా అత్త' అని ఉంది. చూసే జనమంతటికీ నేను మేనత్తనా? నాకూ మా అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుందిరా."

పని చేసినవాళ్ల పేరు సరిగ్గా వేయడం మర్యాద కాదు, వాళ్ల హక్కు అని లాయరమ్మ చెప్పిన సంగతి అతనికి గుర్తొచ్చింది. పేర్లు మార్చాడు. మార్చిన సినిమాను కంప్యూటరు మళ్లీ తయారుచేయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. తీరా చూస్తే అత్త పేరులో దీర్ఘం ఎగిరిపోయింది. ఆవిడ తెర మీద వేలు పెట్టి చూపించింది. మళ్లీ గంటా పది నిమిషాలు.

ఆ వ్యవధిలో ఒక కన్ను గడియారం మీద, ఒక కన్ను తెర మీద పెట్టి పత్రాలు తిరగరాశాడు. విశ్వం తీసేశాడు. శాశ్వతం తీసేశాడు. 'ఈ సినిమాలో ఇచ్చువారికి గల హక్కులన్నీ పుచ్చుకొనువారికి చెందును' అని క్లుప్తంగా రాశాడు. అత్త తన కాగితాన్ని రెండుసార్లు చదివి, అతని ముఖంలోకి ఒకసారి చూసి, సంతకం పెట్టింది. టైలరు తన దాని మీద పెట్టి, అత్త కాగితానికి సాక్షిగా కూడా పెట్టాడు. ఐదింటికి పది నిమిషాలుండగా సినిమా, కాగితాలు పోటీకి వెళ్లిపోయాయి.

అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, కృతజ్ఞత కొద్దీ పత్రాల నకళ్లు లాయరమ్మకు పంపాడు. పావుగంటలో ఫోను వచ్చింది.

"టైలరుగారి కాగితం బాగానే ఉంది. మీ అత్తగారి కాగితం ఎవరు రాశారు?"

"నేనేనండీ."

"ఇచ్చువారి దగ్గర మీ పేరుంది. పుచ్చుకొనువారి దగ్గర ఆవిడ పేరుంది. సినిమా ఇప్పుడు మీ అత్తగారిది."

అతను ఒక్క పరుగున వెళ్లేసరికి అత్త కళ్లజోడు తుడుచుకుంటోంది.

"నువ్వు చూశావా అత్తా? ముందే చూశావా?"

"చదవకుండా సంతకం పెడతానా? ఒక్క తప్పు కూడా లేదు. ప్రేమ కొద్దీ ఇచ్చావేమో అనుకున్నాను."

"తిరిగి రాసివ్వవా?"

"ఇస్తాలే. కాగితం నువ్వే రాసుకురా."

రాశాడు. తప్పులున్నాయంది. మళ్లీ రాశాడు. మళ్లీ ఉన్నాయంది. మూడు వారాలు ఇలా గడిచేసరికి అతనికి నిద్రలో కూడా ఎర్ర సిరా కనిపించసాగింది. రెండేళ్ల కష్టం ఒక్క గడి తారుమారై చేజారిందని తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

అప్పుడే పోటీలో సినిమా చూసిన ఒక పిల్లల చానెలు మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. పంతొమ్మిది పేజీల ఒప్పందం బల్ల మీద పెట్టి, ఈరోజే సంతకమైతే వచ్చే నెల నుంచే ప్రసారమన్నాడు. యానిమేటరు కలం తీశాడు.

"మీరు కాదండీ," అన్నాడు ఆ మనిషి. "పోటీవాళ్లు ఇచ్చిన కాగితాల్లో హక్కుదారు ఒక పెద్దావిడ."

పెద్దావిడ ఒప్పందాన్ని మూడు రోజులు చదివింది. నాలుగో రోజు పధ్నాలుగో పేజీ తెరిచి ఇద్దరి ముందూ పెట్టింది. సినిమాతోపాటు ఆ తాబేలు రూపం, నడక, కోటు, దాని మీద రాబోయే కథలన్నీ చానెలుకే చెందుతాయనీ, చేసినవాడు మరో తాబేలును చేయరాదనీ అక్కడ చిన్న అక్షరాల్లో ఉంది.

"సినిమా రెండేళ్లు చూపించుకోండి. తాబేలు మాత్రం మా ఇంట్లోనే ఉంటుంది," అంటూ ఆ పేజీని అడ్డంగా కొట్టేసింది.

కుదరదని వెళ్లిన మనిషి వారం తిరక్కుండా వచ్చి, కుదురుతుందన్నాడు.

ఆ మధ్యాహ్నం అత్త తనే శుభ్రంగా రాసిన పత్రం తెచ్చి అతని ముందు పెట్టింది. సినిమా తిరిగి అతనిదవుతుందని అందులో ఉంది. ఆ పంతొమ్మిది పేజీలు చదవకుండానే తను కలం తీసిన క్షణం అతనికి గుర్తొచ్చింది.

"నీ దగ్గరే ఉండనీ అత్తా," అని పత్రం వెనక్కి జరిపాడు.

తాబేలు రెండో సినిమా పని భోజనాల బల్ల మీద మొదలైంది. సెలవు కావాలంటే మాత్రం అతను ఒకరోజు ముందు హక్కుదారైన అత్తకు తప్పుల్లేని అర్జీ రాసివ్వాలి.