గురువులు తొడకు దక్కిన గౌరవం

మల్కాపురంలో ఇకమీదట గడ్డ అన్నది కనిపించకూడదని మంత్రి అచ్యుతరామయ్య గారు తీర్మానించారు. ఉచిత వైద్య శిబిరం వేదిక మీద తాను రిబ్బన్ కత్తిరిస్తారు. అదే ముహూర్తానికి సర్జన్ ఒక గడ్డ కత్తిరిస్తారు. టీవీలు చూపిస్తాయి. గడ్డ తెచ్చే బాధ్యత వార్డు అధ్యక్షుడు గురువులుది. ఎవరూ ముందుకు రాకపోవడంతో, క్రమశిక్షణ గల కార్యకర్తగా తన ఎడమ తొడనే సమర్పించాడు. అక్కడ నిమ్మకాయంతగా మొదలైన గడ్డ, ఇప్పుడు బత్తాయంత అయింది. నొప్పి లేదు గనక పార్టీ పనికి ఎన్నడూ అడ్డు రాలేదు.

సర్జన్ డాక్టర్ కుసుమకుమారి నొక్కి చూసి, కత్తి పక్కన పెట్టేసింది.

"కొవ్వు గడ్డే కదమ్మా, కానివ్వండి," అన్నారు మంత్రి.

"లోతుగా ఉందండి, పెరుగుతోంది. ముందు ఎమ్మారై, తర్వాత సూదితో ముక్క తీసి పరీక్ష. ఏమిటో తెలియకుండా కోస్తే, చెడ్డ గడ్డయితే చుట్టూ పాకుతుంది."

"పోనీ, సగం కోద్దామా?"

మధ్యేమార్గం కనిపెట్టడంలో మంత్రిగారి తర్వాతే ఎవరైనా. అయినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ రోజు రిబ్బన్ ఒక్కటే తెగింది.

రిపోర్టు వచ్చింది. సార్కోమా. కండలో పుట్టే క్యాన్సర్, చాలా అరుదు. క్యాన్సర్ అన్న మాట తర్వాత గురువులుకు ఇంకేదీ వినబడలేదు.

"కాలు తీసేత్తారా అమ్మా?"

"కాలు ఉంచడానికేనయ్యా ఈ తిప్పలన్నీ," అంది డాక్టరమ్మ.

మంత్రిగారు మాత్రం 'అరుదు' దగ్గర ఆగారు. "పక్క నియోజకవర్గంలో ఉందా ఇది?" లేదని పీఏ నిర్ధారించాడు. తెల్లారేసరికి గాజువాక దాకా ఫ్లెక్సీలు లేచాయి: 'మన నియోజకవర్గానికి అరుదైన గౌరవం'.

ఆసుపత్రికి వెళ్తూ షేర్ ఆటోలోంచి గురువులు భార్య ఈశ్వరి ఫ్లెక్సీ వైపు తొంగి చూసింది. "మంత్రిగారి పక్కన నీ తొడేటి?"

"ఆ ఫొటోయే అడిగారే."

ఆమె నవ్వబోయి, అతని చెయ్యి పట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు.

వారాల తరబడి రేడియేషన్ ఇచ్చారు. తర్వాత గడ్డతో పాటు చుట్టూ ఉన్న మంచి కండ కూడా కొంత తీసేశారు. కాలు మిగిలింది. కాస్త కుంటు కూడా మిగిలింది.

ఏడాది తిరక్కుండా మంత్రిగారు 'అరుదైన గడ్డల చికిత్సా కేంద్రం' ప్రారంభించారు. అక్కడే నయమైన మొదటి రోగిగా గురువులును వేదిక మీద కూర్చోబెట్టారు. చేపలమ్మే గంగాలమ్మ మెట్లెక్కి వచ్చి, జబ్బ మీద గడ్డ చూపించింది.

"ఏ గదిలో సూత్తారు బావూ?"

గురువులు వెనక్కి చూశాడు. రంగులేసిన ముఖద్వారం ఉంది. దాని వెనక తుప్పలు, రెండు గేదెలు.

"ఎదుగుతందా పిన్నీ?"

"ఎదుగుతంది."

"ఎవల్నీ కొయ్యనీకు. నాతో రా, డాక్టరమ్మ దగ్గరికెల్దాం."

ఆమెను వెంటబెట్టుకుని కుంటుకుంటూ ఆటో వైపు నడిచాడు.

మంత్రిగారు మైకు దగ్గరికి లాక్కున్నారు. "చూశారా, మన కేంద్రంలో బాగైన మనిషి తన కాళ్ల మీద తానే ఎలా వెళ్లిపోతున్నాడో."

ఆటో మలుపు తిరిగేదాకా చప్పట్లు ఆగలేదు.