విరగని తలుపు

తలుపులకు మంచి రోజులొచ్చాయి. వారెంటు లేకుండా తలుపు విరగ్గొట్టి సోదా చేస్తే, లోపల దొరికినదేదీ సాక్ష్యంగా చెల్లదని పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. తీర్పులో విరిగిన చెక్క గురించి పేజీలకు పేజీలు, వారెంటు గురించి ఒక్క వాక్యం ఉన్నాయి. చట్టమంటే ప్రాణం పెట్టే పోలీసు శాఖ ఆ రోజే తలుపులు విరగ్గొట్టడం మానేసి, మారుతాళాల మేస్త్రిని జీపెక్కించుకుంది.

మేస్త్రి చెయ్యి మంచిది. సన్నని కడ్డీ పెట్టి తిప్పాడంటే ఎంత మొండి తాళమైనా కిక్కురుమనకుండా ఊడొచ్చేది. "నయం, తలుపుకు గీతైనా పడలేదు" అని జీపెక్కుతున్న ఇంటివాళ్ళే మెచ్చుకునేవారు. వారెంటు ఉందా అని అడగడం పెద్దల పనిగానీ తనది కాదని అతని నమ్మకం. వీధిలో అతనికి నమస్కారాలు పెరిగాయి. నమస్కారం పెట్టినవాళ్ళే భయపడి కొత్త తాళాలు వేయించుకునేవారు, అదీ అతని చేతే.

ఒక మధ్యాహ్నం జీపు మేస్త్రి సొంత వాకిట్లోనే ఆగింది. కూతురు కాలేజీలో ఉంది. భార్య తాళం వేసుకుని పనికెళ్ళింది.

"తియ్యి మేస్త్రీ" అన్నాడు ఎస్సై.

"అయ్యా, ఇది మా ఇల్లండీ."

"మరింకేం, సులువేగా!"

వారెంటు అన్న మాట మేస్త్రి గొంతు దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఊరందరి కోసం అడగనిది, తన దాకా వచ్చేసరికి అడిగితే ఏం బాగుంటుంది? మొహమాటపడ్డాడు. కడ్డీ పెట్టి తిప్పాడు, తాళం ఊడొచ్చింది. మంచం కింద, మురుగు కాలువ బాగుచేయమని కూతురు రాసిన పోస్టర్లు దొరికాయి. ప్రభుత్వంపై కుట్ర అని సాయంత్రానికల్లా పిల్లను జైలుకు పంపారు.

వారెంటు లేదు కాబట్టి పోస్టర్లు చెల్లవని పిల్ల తరపు లాయరు వాదించాడు. జడ్జిగారి గొంతు గద్గదమైంది.

"వ్యక్తి స్వేచ్ఛ ఈ న్యాయస్థానానికి ఊపిరి. తలుపు విరిగి ఉంటే క్షణం సహించేవాళ్ళం కాదు! కానీ తలుపు నిక్షేపంగా ఉంది. పైగా కన్నతండ్రి స్వహస్తాలతో తెరిచాడు. అలాంటి తలుపుకు వారెంటు అడగడమంటే తండ్రి మనసును శంకించడమే."

పోస్టర్లు చెల్లాయి. పిల్లకు బెయిలు రాలేదు. స్వేచ్ఛ గెలిచిందని పత్రికలు రాశాయి.

"ఊరందరి తలుపులూ తీశావు కదయ్యా! పిల్ల ఉన్న జైలు తలుపు తియ్యి, చూద్దాం!" అని భార్య గుండెలు బాదుకుంది. మేస్త్రి సిగ్గుతో కుంచించుకుపోయాడు.

మర్నాడు జీపు మళ్ళీ వచ్చింది.

"పద మేస్త్రీ, పనుంది."

"అయ్యా, మా అమ్మాయి..."

"చూద్దాంలే."

ఆ "చూద్దాంలే"ను పట్టుకుని మేస్త్రి సంచీ అందుకున్నాడు. ఎవరిల్లని అతను అడగలేదు. కిటికీ సందుల్లోంచి చూస్తున్న ఇరుగుపొరుగూ అడగలేదు. మన ఇల్లు కాదు కదా, మనం మాత్రం ఎందుకు అడగాలి?