ధనకోటి మేస్త్రీ పరామర్శ

ఆ పొద్దున ధనకోటి మనసులో ఉన్నదల్లా ఒక్కటే: పొద్దుగూకేలోగా వడ్లు ఆడించి లారీకెక్కించాలి. తిరువళ్ళూరు బియ్యం మిల్లులో అతనికి మేస్త్రీగిరీ వచ్చి రెండు నెలలే. అదీ దారానికి వేలాడుతోంది.

కారణం మిల్లు కూలీ రత్నస్వామి గుండు. పోయిన నెల అతను గుండుతో పనిలోకి వస్తే, తిరుత్తణి కొండమీది మురుగయ్య మొక్కనుకుని ధనకోటి దానిమీద తబలా వాయించి మరీ నవ్వాడు. తీరాచూస్తే పాపం, అతని తల్లి పోయింది! "మనిషి బాధ తెలియనోడికి మేస్త్రీగిరీ ఎందుకు? ఇంకొక్క తప్పు చేసినావో, మూటలు మొయ్యడానికే పోతావు" అన్నాడు మిల్లు సొంతదారు, మొదలాళి సుందరరాజులు.

సరిగ్గా ఈ పొద్దున ఇంకో కూలీ చెంగయ్య వానలో తడుస్తూ వచ్చాడు. తల గుండు చేయించుకున్నాడు, మీసం కూడా లేదు. ధనకోటి గబగబా ఎదురుపోయాడు.

"అన్నా, ఈ పూట సెలవు కావాల. నాయన ఇంట్లో ఉండాడు. చుట్టాలంతా వస్తా ఉండారు."

"ఇంకేం చెప్పొద్దు నాయనా! నువ్వు ఇంటికి పో" అని ధనకోటి అతన్ని కావలించుకుని పంపేశాడు.

తర్వాత బాయిలరు ఆర్పించాడు, గేటుకు బీగం వేయించాడు, గులాబీ మాల తెప్పించాడు, కూలీలందరినీ వెంటబెట్టుకుని చెంగయ్య ఇంటికి బయల్దేరాడు.

"ఏమైందని ఒక మాట అడిగుంటే పోయేది గదన్నా" అన్నాడు రత్నస్వామి.

"అడిగేదా? నీ దగ్గర పడింది చాల్దా నాకు?"

రైలుగేటు దాటగానే చెంగయ్య వాకిట్లో పందిరి, జనం కనిపించారు. ధనకోటికి ఏడుపు ఆగలేదు. మాల పట్టుకుని ముందు నడిచాడు.

"ఎవరబ్బా అది, శుభమా అని విందు పెట్టుకుంటే ఏడస్తా వచ్చేది?" అంటూ చెంగయ్య తండ్రి మునిరత్నం లోపలినుంచి వచ్చాడు. ఆయనదీ గుండే. దానికి తిరుత్తణి గంధం ఇంకా పచ్చగా ఉంది. కొడుకు గంధాన్ని వాన కడిగేసిందన్నమాట!

ధనకోటి గబుక్కున కళ్ళు తుడుచుకున్నాడు. చేతిలో మాల ఉంది గదా, ముసలాయన మెడలో వేసేశాడు. ఆయన మురిసిపోయి అందరినీ ఆకుల ముందు కూర్చోబెట్టాడు. ముద్ద నోట్లో పెట్టుకునేలోగా వాకిట్లో మొదలాళి కారు ఆగింది.

దిగిన సుందరరాజులుకు నున్నటి గుండు! అందరి చేతులూ ఆకుల్లోనే ఆగిపోయాయి. ఈసారి ధనకోటి నవ్వలేదు, ఏడవలేదు, అడిగాడు.

"ఇంట్లో అందరూ బాగుండారా మొదలాళీ?"

"బాగుండారు. ఏడాదిగా మిల్లు ఒక్క పూటైనా ఆగలేదని మురుగయ్యకు జుట్టిచ్చి వస్తా ఉండా. వస్తే గేటుకు బీగం! మీరంతా ఈడ ఉండారని చెప్పినారు. ఎవరు చేసిన పని?"

ధనకోటి లేచాడు. "నేనే మొదలాళీ. వీళ్ళను అనొద్దు. పోయిన నెల అడక్కుండా నవ్వినాను. ఈ నెల అడక్కుండా ఏడ్చినాను."

మొదలాళి మొహం కందగడ్డయింది. అంతలో ఎవరూ అనుకోని మనిషి అడ్డం వచ్చాడు, రత్నస్వామి.

"నన్ను చూసి నవ్వినందుకే అన్న ఇంత చేసినాడు మొదలాళీ. పొద్దుగూకేలోగా లారీ ఎక్కించేది మా పూచీ."

అన్నట్టే ఎక్కించారు. ధనకోటి ఉద్యోగం నిలిచింది. కృత్తిక నాడు అతనూ కొండెక్కి జుట్టిచ్చి వచ్చాడు.

మర్నాడు మిల్లు గేటు దగ్గర ఎవరూ నోరు తెరవకముందే చెప్పేశాడు: "మా యమ్మ బాగుండాది, మా నాయన బాగుండాడు, బాయిలరు వెలిగించండి."